పోటీకి ప్రశ్న ఊళ్లోనే ఉంది

మగ్గం, కొబ్బరితోట, గోదావరి వరద.. కోనసీమ విద్యార్థికి ఇవే ప్రయోగశాలలు

బండారులంక: అమలాపురం పట్టణానికి చేరువలో ఉన్న బండారులంక పేరు చెప్పగానే చేనేత చీర గుర్తుకొస్తుంది. పడుగు, పేక, నాడె, కండె వంటి మాటలు ఇక్కడి నేత కుటుంబాల పిల్లలకు అక్షరాలకంటే ముందే పరిచయమవుతాయి. అయితే వైజ్ఞానిక ప్రదర్శనల కాలం రాగానే రాష్ట్రంలో ఏ మూలన చూసినా బల్లలపై కొలువుదీరే నమూనాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఎర్రని నురగ కక్కే అగ్నిపర్వతం, థర్మాకోల్ ఆనకట్ట, బ్యాటరీతో తిరిగే గాలిమర ఏటా పునర్దర్శనమిస్తాయి. పిల్లల ఇంట్లో, వీధిలో, పొలంలో ఉన్న సమస్య మాత్రం ఆ బల్లమీదికి అరుదుగానే చేరుతుంది.

శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది. 1976లో 42వ సవరణ ద్వారా ఈ విధి రాజ్యాంగంలో చేరింది. పాఠశాలల్లో వైజ్ఞానిక ప్రదర్శనలు, ఆవిష్కరణల పోటీలు నిర్వహించడంలోని ఆంతర్యమూ ఇదే. ఆ ఆశయం నెరవేరాలంటే ప్రశ్న విద్యార్థి ఎరిగినదై ఉండాలి. కొలత విద్యార్థి స్వయంగా తీసుకున్నదై ఉండాలి. ఈ రెండూ ఉన్న చిన్న ప్రయోగం, వేల రూపాయలు పోసి కొన్న నమూనాకంటే ఎంతో విలువైనది.

తల్లి భుజం నొప్పి నుంచి పుట్టిన యంత్రం

చేనేత ఇంటి సమస్యే ఆవిష్కరణకు బీజమైన ఉదాహరణ తెలుగునేలపైనే ఉంది. ఉమ్మడి నల్గొండ జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చదువు ప్రాథమికోన్నత స్థాయిలోనే ఆగిపోయింది. పోచంపల్లి తరహా చీరల నేతలో అద్దకానికి ముందు ‘ఆసు’ పోయడం తప్పనిసరి. ఒక వైపున్న మేకుకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకులకు మధ్య నూలును చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే ఆ సంఖ్య 18 వేలకు చేరుతుంది. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడుతున్న బాధ చూసి మల్లేశం 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు.

ఆయనకు ఇంజినీరింగు పట్టా లేదు, ప్రయోగశాల లేదు. చేతిలోని డబ్బు అయిపోయింది. చుట్టుపక్కలవారు మానుకోమని హితవు పలికారు. హైదరాబాద్‌లో పని చేసుకుంటూనే భాగాలను ఒక్కొక్కటిగా సమకూర్చారు. చివరి చిక్కుముడికి పరిష్కారం మరో యంత్రం కదలికను గమనించడంలో దొరికింది. 1999 నాటికి యంత్రం పూర్తయింది. గంటలకొద్దీ పట్టే పని సుమారు ఒకటిన్నర గంటలో ముగిసింది. దానికి తల్లి పేరిట ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని నామకరణం చేశారు. హైదరాబాద్ కేంద్రంగా గ్రామీణ ఆవిష్కర్తలను వెలుగులోకి తెస్తున్న పల్లెసృజన సంస్థ, జాతీయ నవకల్పన ప్రతిష్ఠానం ఆయనకు అండగా నిలిచాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 2019లో ఆయన జీవితం ‘మల్లేశం’ పేరుతో వెండితెరకెక్కింది.

ఈ గాథలో విద్యార్థులు గ్రహించాల్సిన అంశాలు రెండు. మొదటిది, సమస్యను ఆయన అంకెల్లో చూశారు. చేయి ఎన్నిసార్లు కదులుతోందన్న లెక్క తెలిసినప్పుడే ఏ కదలికను యంత్రానికి అప్పగించాలో తెలుస్తుంది. రెండోది, పని పూర్తి కావడానికి ఏడేళ్లు పట్టింది. ఒక్కరోజు ప్రదర్శనతో ఆవిష్కరణ ముగిసిపోదు.

మగ్గంలో ఒదిగిన శాస్త్రం

నేత మగ్గం స్వయంగా ఒక శాస్త్ర పాఠం. ఇంగ్లండుకు చెందిన జాన్ కే 1733లో తాడు లాగితే పరుగెత్తే నాడెను రూపొందించారు. దాంతో నేత వేగం పెరిగి, నూలు వడికేవారిపై ఒత్తిడి పడింది. వడికే యంత్రాల ఆవిష్కరణకు, పారిశ్రామిక విప్లవానికి అది దారితీసిన కారణాల్లో ఒకటి. ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో చిల్లులున్న అట్టల సాయంతో డిజైను నేసే సాధనాన్ని తీసుకొచ్చారు. చిల్లు ఉన్నచోట ఒక ఆదేశం, లేనిచోట మరొకటి. ఇదే సూత్రాన్ని చార్లెస్ బాబేజ్ తన గణన యంత్ర రూపకల్పనలో వాడుకున్నారు. 1890 అమెరికా జనాభా లెక్కల్లో హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులతోనే లెక్కలు తేల్చారు. నేటి కంప్యూటరు వంశవృక్షంలో మగ్గానికీ చోటుందన్న సంగతి చేనేత గ్రామాల విద్యార్థులకు తెలియజెప్పడం ఎంతైనా అవసరం.

పత్తి నూలు గుణగణాలూ పరిశీలనకు అనువైనవే. గాలిలో తేమ ఉన్నప్పుడు పత్తి పోగు బలం పెరుగుతుంది. ఎండలు ముదిరి గాలి పొడిబారితే పోగులు తరచూ తెగుతాయి. నేల మట్టానికి దిగువన కూర్చుని నేసే గుంట మగ్గంలో ఈ తేమ కొంతవరకు నిలుస్తుంది. వర్షాకాలంలో మాత్రం ఇదే గుంట శాపమవుతుంది. భూగర్భ జలమట్టం పైకి ఉండే డెల్టా గ్రామాల్లో గుంటలోకి నీరు ఊరి పని ఆగిపోతుంది. ఆగిన ప్రతి రోజూ నేతన్నకు కూలి నష్టమే.

రెండు ఉష్ణమాపకాలు తీసుకుని, ఒకదాని కొసకు తడి గుడ్డ చుడితే గాలిలో తేమను కొలిచే సాధనం సిద్ధమవుతుంది. నెలరోజులపాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తేమను నమోదు చేస్తూ, అదే సమయంలో గంటకు ఎన్ని పోగులు తెగాయో రాసుకుంటే చక్కని ప్రాజెక్టు తయారవుతుంది. మగ్గం ముందు కూర్చునే ఎత్తు, చేతి కదలికల సంఖ్య, కండెలు చుట్టే మహిళల మెడ, నడుము నొప్పులు కూడా పరిశీలనాంశాలే. ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు ఉండదు.

కోనసీమలో కొల్లలుగా అంశాలు

2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన కోనసీమలో చేనేతతోపాటు పరిశోధనకు అర్హమైన సమస్యలు ఇంకా ఉన్నాయి.

గోదావరి వరద: ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండో, 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో మూడో హెచ్చరిక దాటిన వరద లంక గ్రామాలను ముంచెత్తింది. నీరు పెరగగానే గంట మోగే నమూనాలు ప్రదర్శనల్లో సాధారణమే. హెచ్చరిక వెలువడిన ఎన్ని గంటలకు తమ ఊరి కాజ్‌వేపైకి నీరు చేరుతోందో గత అనుభవాలు సేకరించి పట్టిక తయారుచేస్తే అది గ్రామానికి నేరుగా పనికొస్తుంది. అయితే వరద సమయంలో విద్యార్థులు నీటి వద్దకు వెళ్లకుండా, పెద్దలు నమోదు చేసిన వివరాలనే వాడాలి.

కొబ్బరి తెల్లదోమ: సర్పిలాకార తెల్లదోమను మన దేశంలో తొలిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. అనంతరం ఇది కోనసీమ తోటలకూ పాకింది. ఆకు అడుగుభాగాన రసం పీల్చే ఈ దోమ విసర్జించే తీపి ద్రవంపై నల్లని బూజు పెరుగుతుంది. విచక్షణారహితంగా రసాయన మందులు చల్లితే దీనిని అదుపులో ఉంచే ఎన్కార్సియా అనే పరాన్నజీవి కూడా నశిస్తుంది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి పురుగుల జీవ నియంత్రణపై పనిచేస్తోంది. పసుపురంగు జిగురు అట్టలు కట్టి, వారానికోసారి చిక్కిన దోమలను లెక్కించడం ఏడో తరగతి విద్యార్థికీ సాధ్యమే.

కొబ్బరి పొట్టు: పీచు తీయగా మిగిలే పొట్టు రోడ్ల పక్కన గుట్టలుగా పేరుకుపోతుంది. ఇందులోని లిగ్నిన్ కారణంగా అది త్వరగా కుళ్లదు. పుట్టగొడుగు జాతి శిలీంధ్రంతో దీనిని ఎరువుగా మార్చే పద్ధతిని కాయర్ బోర్డు ప్రోత్సహిస్తోంది. ఈ పొట్టు తన బరువుకు అనేక రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. 100 గ్రాముల ఎండు పొట్టును నానబెట్టి, వడకట్టి, మళ్లీ తూచితే ఆ సంగతి విద్యార్థికే తెలుస్తుంది. ఇసుక, మట్టి, పొట్టు మిశ్రమాల్లో నారు పెంచి పోల్చడం తదుపరి మెట్టు.

మురుగు, ఉప్పునీరు: 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశం దృష్టిని ఆకర్షించారు. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలీల కొరతతోపాటు మురుగు కాల్వల దుస్థితి కూడా చర్చకు వచ్చింది. సముద్రతీర మండలాల్లో బావులు, బోర్ల నీటిలో ఉప్పదనం మరో సమస్య. చేతిలో ఇమిడే లవణ మాపకంతో తీరం నుంచి వేర్వేరు దూరాల్లోని బావినీటిని వేసవిలో, వానల తరువాత పరీక్షించి పటంపై గుర్తిస్తే గ్రామస్థులకూ ఉపయోగపడే సమాచారం సిద్ధమవుతుంది.

విద్యార్థుల ముందున్న వేదికలు

ఇన్‌స్పైర్ - మానక్: కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో ప్రారంభించిన ఇన్‌స్పైర్ పథకంలో ఇది భాగం. 2016 నుంచి జాతీయ నవకల్పన ప్రతిష్ఠానంతో కలిసి మానక్ పేరుతో నిర్వహిస్తున్నారు. తొలుత 6 నుంచి 10వ తరగతి వరకు పరిమితమైన ఈ పథకాన్ని తరువాత 11, 12 తరగతులకూ విస్తరించారు. పాఠశాల ద్వారా ఆన్‌లైన్‌లో ఆలోచనలు పంపాలి. దేశవ్యాప్తంగా 10 లక్షల ఆలోచనలు సేకరించి లక్ష ఎంపిక చేయడం పథకం లక్ష్యం. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి రూ.10 వేలు బ్యాంకు ఖాతాలో జమవుతాయి. జిల్లా, రాష్ట్ర ప్రదర్శనలు దాటి వెయ్యి మంది జాతీయ ప్రదర్శనకు చేరుకునేలా, అక్కడ 60 ఆవిష్కరణలను అగ్రశ్రేణికి ఎంపిక చేసేలా దీనిని రూపొందించారు.

బాలల సైన్స్ కాంగ్రెస్: జాతీయ స్థాయిలో 1993లో మొదలైంది. 10 నుంచి 17 ఏళ్ల బాలబాలికలు అర్హులు. ఇక్కడ ఆకర్షణీయమైన నమూనాకంటే పరిశోధనకే ప్రాధాన్యం. ప్రకటించిన ప్రధానాంశానికి లోబడి స్థానిక సమస్యను ఎంచుకుని, వివరాలు సేకరించి, విశ్లేషించి, నివేదిక సమర్పించాలి. పైన పేర్కొన్న కోనసీమ అంశాల్లో చాలావరకు ఈ వేదికకు సరిపోతాయి.

విద్యా వైజ్ఞానిక ప్రదర్శనలు: జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1971లో తొలి జాతీయ స్థాయి ప్రదర్శన నిర్వహించింది. పాఠశాల స్థాయి నుంచి జిల్లా, రాష్ట్రం మీదుగా జాతీయ వేదికకు దారి ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల విద్యార్థులకు దక్షిణ భారత సైన్స్ ఫెయిర్ మరో అవకాశం. బెంగళూరులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం దీని నిర్వహణలో పాలుపంచుకుంటోంది.

అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు: 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన పాఠశాలకు రూ.20 లక్షల వరకు గ్రాంటు లభిస్తుంది. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలతో 6 నుంచి 12వ తరగతి విద్యార్థులు స్వయంగా పనిచేసే వీలుంటుంది. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

చెకుముకి: 1988లో ఆవిర్భవించిన జన విజ్ఞాన వేదిక తెలుగులో ‘చెకుముకి’ బాలల సైన్స్ మాసపత్రికను వెలువరించడంతోపాటు, అదే పేరుతో పాఠశాల నుంచి రాష్ట్ర స్థాయి వరకు ప్రతిభా పోటీలు నిర్వహిస్తూ వస్తోంది. తెలుగు మాధ్యమ విద్యార్థుల్లో సైన్సుపై ఆసక్తి రేకెత్తించడంలో ఈ పత్రిక పాత్ర గణనీయం.

రాయలసీమ నుంచి మరో ఉదాహరణ ఉంది. 1999లో ఏర్పాటైన అగస్త్య అంతర్జాతీయ ప్రతిష్ఠానం కుప్పం సమీపంలో సృజనాత్మక ప్రాంగణాన్ని నెలకొల్పి, ప్రయోగ పరికరాలను వ్యాన్లలో గ్రామీణ పాఠశాలలకు తీసుకెళుతోంది. ప్రయోగశాల లేదన్న కారణంతో ప్రయోగం ఆగిపోనవసరం లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

అంతర్జాతీయ స్థాయిలో, అమెరికాలో 1950లో ఫిలడెల్ఫియాలో జరిగిన తొలి జాతీయ సైన్స్ ఫెయిర్ క్రమంగా వివిధ దేశాల ఉన్నత పాఠశాల విద్యార్థులు పాల్గొనే అంతర్జాతీయ ప్రదర్శనగా ఎదిగింది. అక్కడా న్యాయనిర్ణేతలు విద్యార్థితో ముఖాముఖి మాట్లాడి, పని ఎవరిదో, అవగాహన ఎంతో తేల్చుకుంటారు.

నోటు పుస్తకమే తొలి పరికరం

ప్రాజెక్టును కనీసం మూడు నెలల ముందే ప్రారంభిస్తే మేలు. పాటించాల్సిన క్రమం ఇది.

1. సమస్యను ఒక్క వాక్యంలో రాయాలి. ‘కొబ్బరి ఉపయోగాలు’ అనేది ప్రశ్న కాదు. ‘పొట్టు కలిపిన మట్టిలో వంగ నారుకు ఎన్ని రోజులకోసారి నీరు పెడితే చాలు’ అనేది ప్రశ్న.
2. ఆ సమస్యను అనుభవిస్తున్న కనీసం పదిమందితో మాట్లాడాలి. నేతన్న, రైతు, పీచు మిల్లు కార్మికుడు చెప్పే మాటల్లో సగం సమాధానం దొరుకుతుంది.
3. ఏ ఒక్క అంశాన్ని మారుస్తున్నామో, మిగిలినవాటిని ఎలా స్థిరంగా ఉంచుతున్నామో ముందే నిర్ణయించుకోవాలి.
4. ప్రతి కొలతను తేదీ, సమయంతో నోటు పుస్తకంలో రాయాలి. ఒక్కో కొలతను కనీసం మూడుసార్లు తీసుకోవాలి.
5. అనుకున్న ఫలితం రాకపోతే దానినీ యథాతథంగా నమోదు చేయాలి. అంకెలు మార్చడం శాస్త్రానికి ద్రోహం.
6. తయారైన సాధనాన్ని దానిని వాడేవారి చేతికిచ్చి, వారి అభిప్రాయం తీసుకుని సవరించాలి.

కొన్న నమూనాతో కలిగే నష్టం

ప్రదర్శనల సీజన్‌లో సిద్ధంగా ఉన్న నమూనాలు బజారులో దొరుకుతాయి. మార్కుల కోసమో, పాఠశాల పేరు కోసమో వాటిని కొనిచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు. దీనివల్ల కష్టపడి సొంతంగా చేసిన విద్యార్థి వస్తువు వెలవెలబోతుంది. కొనగలిగినవారిదే గెలుపు అన్న భావన పేద పిల్లల్లో నాటుకుంటుంది. కూలిపై ఆధారపడిన నేత కుటుంబంలోని పిల్లవాడు పోటీకి దూరమయ్యేది ఇక్కడే. న్యాయనిర్ణేతలు రంగులు, దీపాలకు కాక నోటు పుస్తకానికి మార్కులిస్తే ఈ అసమానత చాలావరకు తొలగిపోతుంది. ‘ఈ కొలత ఎప్పుడు తీశావు, తప్పిన ప్రయత్నం ఏది’ అన్న రెండు ప్రశ్నలు వేస్తే చాలు, పని ఎవరు చేశారో తేటతెల్లమవుతుంది.

బాలికల భాగస్వామ్యంపైనా దృష్టి సారించాలి. కండెలు చుట్టడం వంటి పనులు ఇళ్లలో ఎక్కువగా మహిళలే చేస్తారు. ఆ శ్రమ బరువు తెలిసిన బాలిక లేవనెత్తే ప్రశ్న మరొకరికి తట్టకపోవచ్చు. జట్టులో ఆమెను వివరణ చదివే పనికి పరిమితం చేయకుండా, పరికరం తయారీలోనూ భాగం కల్పించాలి.

బహుమతి తరువాత..

మెచ్చుకోలు పత్రంతో పని ముగిసిందనుకోవడం పొరపాటు. నిజంగా కొత్తదైన సాధనమైతే దాని పూర్తి వివరాలు బహిరంగంగా వెల్లడించడానికి ముందే పేటెంటు విషయం ఆలోచించాలి. ఒకసారి అందరికీ తెలిసిపోయిన ఆవిష్కరణకు కొత్తదనం పోయిందన్న కారణంతో పేటెంటు నిరాకరించే అవకాశముంది. ముందుగా తాత్కాలిక దరఖాస్తు దాఖలు చేస్తే, పూర్తి వివరాలు సమర్పించడానికి 12 నెలల గడువు ఉంటుంది. గ్రామీణ ఆవిష్కరణలకు ఈ విషయంలో జాతీయ నవకల్పన ప్రతిష్ఠానం తోడ్పాటు అందిస్తోంది.

పేటెంటు దాకా వెళ్లని ప్రాజెక్టులకూ గ్రామంలో చోటుండాలి. రామన్ ఫలితం కనుగొన్న రోజుకు గుర్తుగా ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుతున్నారు. 2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నిర్వహిస్తున్నారు. బండారులంక వంటి గ్రామాల్లో ఈ రెండో రోజున కూడా విద్యార్థుల ప్రాజెక్టులను మగ్గాల చెంతనే ప్రదర్శించవచ్చు. అక్కడ తీర్పు చెప్పేది రోజూ మగ్గంపై కూర్చునే నేతన్నలే. ఫలానా మార్పుతో చేతికి శ్రమ తగ్గిందనో, తగ్గలేదనో వారు చెప్పే మాట విద్యార్థికి తదుపరి ప్రయోగానికి ఆధారమవుతుంది. అలా ఒక తరగతి విద్యార్థులు వదిలిన నోటు పుస్తకాన్ని మరుసటి ఏడాది విద్యార్థులు అందుకుని కొనసాగించే ఏర్పాటును పాఠశాలలు చేయగలిగితే, ఏడేళ్ల పని ఒక్కరిపైనే పడదు.